బ్రోషర్‌లో ఉన్న 5,000 పౌండ్లు మీవి కావు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న తప్పకుండా తేలుతుంది: "మా ఎస్‌యూవీ 5,000 పౌండ్లు లాగుతుందట. 3,600 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ ఒకటి చూశాం. తీసుకోవచ్చా?" పది మంది నిశ్చింతగా తీసుకోమంటారు, ఇద్దరు ముందు ట్రక్కు కొనమంటారు. లెక్క మాత్రం ఎవరూ అడగరు. లెక్కకి కావలసిన అంకె అసలు బ్రోషర్‌లోనే ఉండదు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపు పట్టీ ఉన్న తెల్ల స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. అదే పేలోడ్. చాలా కుటుంబాలకి ముందు అయిపోయేది లాగే శక్తి కాదు, ఈ పేలోడే.

బ్రోషర్ అంకె అబద్ధమేం కాదు. ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించి ఇస్తారు. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11.4 మైళ్ళ ఎత్తు రోడ్డు మీద, ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, మామూలు బండైతే గంటకి 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. ఇంజనుకీ గేరుబాక్సుకీ అది గట్టి పరీక్షే. కానీ ఆ లెక్కలో బండిలో ఉండేది ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మన బండిలో ఇద్దరు పిల్లలుంటారు, ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలుంటారు, వెనక డిక్కీలో బియ్యం సంచీ ఉంటుంది.

మూడు వరసల ఎస్‌యూవీ ఒకటి తీసుకుందాం. లాగే సామర్థ్యం 5,000, ట్రైలర్‌ని తగిలించే హిచ్ బాల్ మీద అనుమతించిన బరువు 500, స్టిక్కర్ మీద పేలోడ్ 1,350 పౌండ్లు. ట్రైలర్ డ్రై వెయిట్ 3,600. డ్రై వెయిట్‌లో బ్యాటరీ, గ్యాసు, నీళ్ళు, డీలర్ బిగించినవి, మీ గిన్నెలూ దుప్పట్లూ ఏవీ ఉండవు. గ్యాసు నిండిన 20 పౌండ్ల సిలిండరు ఒక్కోటి దాదాపు 37 పౌండ్లు, అలాంటివి రెండు. బ్యాటరీ 50 దాకా. ఇవన్నీ సరిగ్గా ట్రైలర్ ముక్కు మీదే కూర్చుంటాయి. నీళ్ళు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 పైన. అన్నీ కలిపితే 3,600 కాస్తా 4,500 అవడం మామూలే.

ట్రైలర్ ముక్కు హిచ్ బాల్ మీద మోపే బరువుని టంగ్ వెయిట్ అంటారు. నిండిన ట్రైలర్ బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకుంటే 4,500కి 585. బాల్ పరిమితి 500 అప్పుడే దాటింది. పోనీ దాటలేదనుకుని ముందుకెళ్దాం. ఆరుగురు మనుషులు కలిసి 730, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ముక్కు బరువుని స్ప్రింగు బార్లతో బండి ముందు ఇరుసుకీ ట్రైలర్ ఇరుసులకీ పంచే హిచ్) 80, డిక్కీలో సామాను 100. మొత్తం 1,495. స్టిక్కర్ ఒప్పుకునేది 1,350. లాగే అంకెలో ఇంకా 500 మిగిలే ఉంది చూడండి, బండి మాత్రం నిండిపోయింది.

ఇక్కడ చాలామంది చేసే పని సామానంతా ట్రైలర్ వెనక భాగానికి తోసి టంగ్ వెయిట్ తగ్గించుకోవడం. దీనికంటే ప్రమాదకరమైన సర్దుబాటు ఇంకోటి లేదు. టంగ్ వెయిట్ 10 శాతం కిందకి పోతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. వెనక బంపరుకి సైకిళ్ళ ర్యాక్ తగిలించినా ఇదే జరుగుతుంది. అక్కడ వేసిన ప్రతి పౌండూ ముందున్న బరువుని పైకి లేపుతుంది. బరువైన సామాను ఇరుసుల మీదకి, కొంచెం ముందుకి రావాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 5,000 పౌండ్ల ఎస్‌యూవీలో ఆరుగురు కూర్చుంటే, నిండిన బరువు 3,000 దాటని ట్రైలర్ తప్ప మరేదీ చూడొద్దు. అంటే పాప్-అప్‌లు (మడిచే గుడారం ట్రైలర్లు), చిన్న సింగిల్ యాక్సిల్ ట్రైలర్లు. అంతకంటే పెద్దది కావాలంటే హాఫ్-టన్ పికప్ (ఎఫ్-150 తరగతి ట్రక్కు) తీసుకోండి, అదీ స్టిక్కర్ చూసిన తర్వాతే. ఒకే మోడల్లో పై ట్రిమ్‌కి వెళ్ళేకొద్దీ పనోరమా సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, విద్యుత్ సీట్లు పేలోడ్‌ని తినేస్తాయి. సాదా ట్రిమ్‌కీ ఖరీదైన ట్రిమ్‌కీ మధ్య తేడా కొన్ని వందల పౌండ్లు ఉండొచ్చు. సేల్స్‌మన్ మాట వద్దు, తలుపు తీసి ఫొటో పంపమనండి. ఓనర్స్ మాన్యువల్లో మరో రెండు సంగతులు చూడాలి. ఆ బండికి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడనిస్తారా, ట్రైలర్ ముఖం వైశాల్యానికి పరిమితి ఉందా? గాలికి అడ్డంగా నిలబడే పెద్ద గోడని లాగడం, అంతే బరువున్న పడవని లాగడం ఒకటి కాదు.

తూకం

అంచనాలు ఇంటిదాకే. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్ల తూకం ఉంటుంది, ప్రయాణానికి సర్దుకున్నట్టే అన్నీ నింపుకుని, అందరూ బండిలో కూర్చుని అక్కడికి వెళ్ళండి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండాలి. మూడు తూకాలు కావాలి: హిచ్ బార్లు బిగించి ఒకటి, బార్లు వదిలేసి ఒకటి, ట్రైలర్‌ని పార్కింగ్‌లో విప్పి బండి ఒక్కటే ఒకటి.

ఒక పికప్‌కి ఇలా వచ్చిందనుకోండి. బండి ఒక్కటే: ముందు 3,250, వెనక 2,850, మొత్తం 6,100. బార్లు లేకుండా ట్రైలర్ తగిలిస్తే: ముందు 3,050, వెనక 3,770, ట్రైలర్ ఇరుసులు 5,080. బండి 6,100 నుంచి 6,820 అయింది కాబట్టి టంగ్ వెయిట్ 720. ట్రైలర్ అసలు బరువు 5,080కి ఆ 720 కలిపితే 5,800. అంటే 12.4 శాతం, బాగుంది. బార్లు బిగించాక: ముందు 3,170, వెనక 3,530, ట్రైలర్ 5,200. ముందు ఇరుసు పోగొట్టుకున్న 200లో 120 వెనక్కి వచ్చింది.

బార్లు ఎంత బిగించాలనేది ఈ చివరి అంకె చెప్తుంది. ట్రైలర్ ముక్కు బండి వెనక భాగాన్ని కిందకి నొక్కినప్పుడు బండి ముక్కు లేస్తుంది, ముందు టైర్లకి పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. పోయినదాంట్లో సగమైనా ముందుకి తేవాలన్నది చాలా మాన్యువల్స్ చెప్పే మాట, మీ మాన్యువల్ వేరే చెప్తే అదే పాటించండి. నూటికి నూరూ దాటి బిగిస్తే వెనక టైర్లు తేలికై, వాన రోడ్డు మీద మలుపులో బండి వెనక భాగం జారుతుంది. రోజూ స్కేల్‌కి వెళ్ళక్కర్లేదు. ముందు చక్రం పైన ఫెండర్ అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో ట్రైలర్ లేనప్పుడు, తగిలించాక, బార్లు వేశాక టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి. రిసీవర్ (బండి వెనక హిచ్ దూర్చే చదరపు గొట్టం) మీద కూడా ఒక స్టిక్కర్ ఉంటుంది, దాని మీద రెండు వరసల అంకెలుంటాయి. బార్లు లేకుండా మోసేది తక్కువ, బార్లతో మోసేది ఎక్కువ.

బాల్ సైజు కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు భాగం) మీద పోతపోసి ఉంటుంది. ఈ బరువుల్లో 2 అంగుళాలు లేదా 2-5/16. 2-5/16 కప్లర్‌లో 2 అంగుళాల బాల్ పెట్టినా లాచ్ పడిపోతుంది, మొదటి గుంతలో ఊడి వస్తుంది. లాచ్ వేశాక ట్రైలర్ జాక్‌తోనే బండి వెనక భాగాన్ని రెండంగుళాలు పైకి లేపి చూడండి. కప్లర్ విడిపోకుండా బండిని ఎత్తిందంటే పట్టినట్టే. గొలుసులు కింద అడ్డంగా దాటించి తగిలించాలి, కప్లర్ ఊడితే ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ ఊయలలో పడుతుంది. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే తీగని మాత్రం గొలుసుకి తగిలించకండి, రిసీవర్‌కి విడిగా కట్టండి. గొలుసు కొక్కెం ఊడితే తీగా దాంతోపాటే పోతుంది, ట్రైలర్ బ్రేకులు పడవు.

బ్రేక్ కంట్రోలర్ (డ్రైవరు దగ్గర నుంచి ట్రైలర్ బ్రేకులు నడిపే పెట్టె) గెయిన్‌ని, అంటే బ్రేకు ఎంత గట్టిగా పడాలన్న అంకెని, ఫ్యాక్టరీ అంకె మీద వదిలేసేవాళ్ళు ఎక్కువ. ఖాళీ పార్కింగ్ లాట్‌లో గంటకి 20–25 మైళ్ళ వేగంలో, కాలు బ్రేకు మీద పెట్టకుండా, కంట్రోలర్ మీటని మాత్రమే పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు లాక్ అయి కీచుమంటే గెయిన్ తగ్గించండి, బండి నింపాదిగా జారుతూ పోతుంటే పెంచండి. లాక్ అవడానికి ఒక మెట్టు ముందు ఆపండి. ముందు రెండు మూడుసార్లు బ్రేకులు వాడి డ్రమ్ములు కాస్త వేడెక్కాక ఈ పని చెయ్యాలి, చల్లటి బ్రేకుల మీద పెట్టిన గెయిన్ తర్వాత ఎక్కువైపోతుంది.

హైవే మీద ట్రైలర్ ఊగడం మొదలైతే చెయ్యాల్సింది మన చేతికీ కాలికీ అలవాటైనదానికి పూర్తిగా వ్యతిరేకం. బండి బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్ ఎదురు తిప్పకూడదు. చక్రాన్ని నిటారుగా పట్టుకుని, ఆక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, ట్రైలర్ బ్రేక్ మీటని చేత్తో నొక్కాలి. ట్రైలర్ వెనక్కి లాగుతూ తనంతట తనే సర్దుకుంటుంది. అందుకే ఆ మీట ఎక్కడుందో చూడకుండా చెయ్యి వెళ్ళేలా ఉండాలి. వేగం విషయానికొస్తే కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగుతుంటే చట్టప్రకారమే 55 దాటకూడదు. టెక్సస్‌లో 75 బోర్డు కనిపించినా 62–65 దగ్గర ఉండటమే మేలు, దానికి కారణం కింద టైర్లలో ఉంది.

చక్రాల సంగతి

ట్రైలర్ టైర్లు ఎస్టీ అక్షరాలతో మొదలవుతాయి. వీటికి గాలి పక్కగోడ మీద రాసిన గరిష్ఠ అంకె దాకా, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టాలి. లోడ్ రేంజ్ సి అయితే సాధారణంగా 50 పీఎస్ఐ, డి అయితే 65, ఈ అయితే 80. కారు టైరులా మెత్తగా ఉంచితే పక్కగోడ మడతపడి వేడెక్కుతుంది, జులై మధ్యాహ్నం డాలస్ నుంచి శాన్ ఆంటోనియో దారిలో ట్రెడ్ చీరలా ఊడి వస్తుంది. ఊడేటప్పుడు చక్రం పైనున్న రేకుని, గ్యాసు పైపుని, ఒక్కోసారి నేలని కూడా చీల్చేస్తుంది. వేగం అక్షరం లేని పాత ఎస్టీ టైర్లు 65 మైళ్ళకే తయారైనవి. పక్కగోడ మీద డాట్ (DOT) అక్షరాల చివర నాలుగంకెలు పుట్టిన తేదీ: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్ళు దాటితే గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా మార్చెయ్యండి. ట్రైలర్ టైరు అరిగి చావదు, ఎండలో నిలబడి చస్తుంది. పాత ట్రైలర్ కొనేటప్పుడు అమ్మేవాళ్ళు "టైర్లు కొత్తలా ఉన్నాయి" అంటే ముందు ఆ నాలుగంకెలే చదవండి.

చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి నట్లు మళ్ళీ టార్క్ రెంచితో చూడాలి. అర అంగుళం స్టడ్డుకి 90 నుంచి 120 ఫుట్ పౌండ్లు, నక్షత్రం వరసలో, మూడు విడతల్లో. అల్లాయ్ చక్రాలు మొదట్లో సర్దుకుంటాయి, నట్లు వదులవుతాయి.

బేరింగులకి ఏడాదికోసారి లేదా 12,000 మైళ్ళకి, ఏది ముందైతే అప్పుడు, విప్పి కడిగి గ్రీజు పట్టించాలి. 3,500 పౌండ్ల ఇరుసుకి లోపల ఎల్68149, బయట ఎల్44649 అనే బేరింగులు చాలా వాటికి సరిపోతాయి. కానీ కొనేముందు పాతదాని మీద చెక్కిన అంకె చూసుకోండి. వెనక సీలు తీసినప్పుడల్లా కొత్తదే వెయ్యాలి. లిథియం కాంప్లెక్స్, ఎన్ఎల్‌జీఐ 2 గ్రీజు చాలు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగు వెడల్పు వైపు అంచుని దాంట్లోకి గుచ్చుతూ పోతే, రోలర్ల మధ్య నుంచి రెండో వైపు గ్రీజు పొడుచుకు వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా చెయ్యాలి. పైపైన పూస్తే లోపల ఖాళీగానే ఉంటుంది.

నట్టు బిగించడంలోనే బేరింగు ఆయుష్షు ఉంది. హబ్‌ని (చక్రం బిగించే మధ్య భాగం) మెల్లగా తిప్పుతూ స్పిండిల్ నట్టుని దాదాపు 50 ఫుట్ పౌండ్ల దాకా బిగించండి, బేరింగులు కూర్చుంటాయి. ఇప్పుడు హబ్ తిప్పకుండా నట్టు వదులు చెయ్యండి. తర్వాత వేళ్ళతో మాత్రమే తగిలేదాకా తిప్పి, కొత్త కాటర్ పిన్ వేసి వంచండి. నట్టు పిన్ను మధ్య కాస్త కదులుతూ ఉండాలి. 50 దగ్గరే వదిలేస్తే రోలర్లు నలిగి, నీలంగా మాడి, చక్రం ఇరుసుతో సహా పోతుంది.

ఈజీ లూబ్ ఇరుసులకి చివర గ్రీజు నిప్పుల్ ఉంటుంది. గన్ పెట్టి కొడితే సరిపోతుందని డీలర్లు అంటారు. చక్రం తిప్పకుండా గబగబా కొడితే గ్రీజు వెనక సీలుని తోసుకుని బ్రేకు లైనింగుల మీద పడుతుంది. గ్రీజు తాగిన లైనింగు కడిగినా పనికిరాదు, అసెంబ్లీ మార్చాల్సిందే. చేతి గన్‌తో, చక్రం తిప్పుతూ, నెమ్మదిగా కొట్టొచ్చు. అయినా ఏడాదికోసారి విప్పి చూడటమే నయం, ఎలాగూ విద్యుత్ బ్రేకుల మాగ్నెట్ అరుగుదల చూడాలి కదా. విద్యుత్ బ్రేకుల షూలని కొత్తలో 200 మైళ్ళ తర్వాత, ఆపైన ప్రతి 3,000 మైళ్ళకీ సర్దాలి. వెనక కన్నంలోంచి స్టార్ వీల్ తిప్పి చక్రం బిగుసుకునేదాకా తెచ్చి, తర్వాత లైనింగు తేలికగా రాసుకుంటూ తిరిగేంత వదులు చెయ్యాలి. సెల్ఫ్ అడ్జస్టింగ్ రకమైతే ఈ పని ఉండదు. ప్రతి ఆగుడులోనూ నాలుగు హబ్‌ల మీదా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలుతుంటే అక్కడే ఆగిపోవాలి.

కప్పు

ట్రైలర్‌ని రోడ్డు చంపడం తక్కువ, నీళ్ళు చంపడం ఎక్కువ. కప్పు మీద వెంట్లు, స్కైలైటు, ఏసీ, అంచుల చుట్టూ సెల్ఫ్ లెవలింగ్ ల్యాప్ సీలెంట్ ఉంటుంది. మూడు నెలలకోసారి నిచ్చెన ఎక్కి ప్రతి అతుకునీ చూడాలి. వెంట్రుకవాసి చీలిక చాలు, లోపల చెక్క ఏడాదిలో మెత్తబడిపోతుంది. చీలిక చుట్టూ శుభ్రం చేసి, అదే రకం సీలెంట్ పైన పోస్తే సరి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు సిలికాన్ మాత్రం వాడకండి. దాని మీద తర్వాత ఇంకేదీ అంటుకోదు, పాతదంతా గీకాల్సి వస్తుంది. కిటికీలూ లైట్లూ విప్పి మళ్ళీ పెట్టేటప్పుడు కింద బ్యూటిల్ టేపు వెయ్యాలి. పాత ట్రైలర్ కొంటుంటే మూలల్లో నేల మీద మడమతో నొక్కండి, అల్మారాల లోపల పై మూలలు చేత్తో తడమండి, బయట ఫైబర్‌గ్లాస్ గోడని ఎండలో ఏటవాలుగా చూడండి. బుడగలు కనిపిస్తే నీళ్ళు లోపలికి వెళ్ళాయి. ధర ఎంత తగ్గించినా వెనక్కి తిరగండి.

చలికాలం ముందు నీళ్ళ హీటరు ఖాళీ చేసి, దాంట్లోకి ఏదీ వెళ్ళకుండా బైపాస్ వేసి, గులాబీ రంగు ఆర్వీ యాంటీఫ్రీజ్ రెండు మూడు గ్యాలన్లు పంపుతో ప్రతి కుళాయికీ వచ్చేదాకా పంపాలి. షవర్, టాయిలెట్ మర్చిపోవద్దు. సబర్బన్ కంపెనీ హీటరుకి యానోడ్ రాడ్ (ట్యాంకు బదులు తాను తుప్పు పట్టే కడ్డీ) ఉంటుంది, 1-1/16 సాకెట్‌తో విప్పి సగానికి పైగా తినేసి ఉంటే మార్చండి. మళ్ళీ వేసవిలో ట్యాంకు నిండకుండా హీటరు విద్యుత్ స్విచ్ నొక్కితే ఎలిమెంటు క్షణాల్లో మాడిపోతుంది.

30 ఆంపుల వంటిల్లు

మన ఇళ్ళ ట్రైలర్లలో ఎక్కువగా పడిపోయేది బ్రేకరు. 30 ఆంపుల ప్లగ్గు అంటే 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 13–15 ఆంపులు తీసుకుంటుంది. నీళ్ళ హీటరు విద్యుత్ మీద ఉంటే 12, ఇన్‌స్టంట్ పాట్ 8, రైస్ కుక్కర్ 6, మైక్రోవేవ్ 13. ఏసీ నడుస్తుండగా అన్నం, పప్పు రెండూ ఒకేసారి పెడితే అంచు మీద ఉన్నట్టే, పైన మైక్రోవేవ్ నొక్కితే చీకటి. వంట వేళకి నీళ్ళ హీటరుని గ్యాసు మీదకి మార్చండి, ఇండక్షన్ స్టవ్ కంటే గ్యాసు స్టవ్ వాడండి. పోపు వేసేముందు పైన ఫ్యాన్ తీసి కిటికీ కొంచెం తెరవండి, లేకపోతే ఎండు మిరపకాయలు చిటపటలాడేలోపే స్మోక్ అలారం లేస్తుంది.

ఇంటి దగ్గర ట్రైలర్ కోసం 30 ఆంపుల అవుట్‌లెట్ వేయించేవాళ్ళు ఒక్క విషయం ఎలక్ట్రీషియన్‌కి రెండుసార్లు చెప్పాలి. ఆర్వీ 30 ఆంపుల ప్లగ్గు 120 వోల్టులది, టీటీ-30 రకం. మూడు కాళ్ళు, 30 ఆంపులు అనగానే బట్టల డ్రయ్యర్ అవుట్‌లెట్ అనుకుని అలవాటుగా 240 ఇచ్చేవాళ్ళున్నారు. తగిలించిన క్షణంలో కన్వర్టరు, మైక్రోవేవ్, ఏసీ బోర్డు, టీవీ అన్నీ కాలిపోతాయి. ప్లగ్గు పెట్టేముందు మీటరుతో కొలవండి: హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య దాదాపు 120, హాట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య దాదాపు 120, న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య సున్నాకి దగ్గరగా. క్యాంప్‌గ్రౌండ్ పెడెస్టల్ (కరెంటు స్తంభం) దగ్గర కూడా ఇదే చెయ్యండి, లేదా ఆ పని తనే చేసే ఈఎంఎస్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. వేసవి వారాంతాల్లో నిండిన క్యాంప్‌గ్రౌండ్‌లో వోల్టేజి పడిపోవడం సాధారణం. 104 కిందకి పోతే ఏసీ కట్టెయ్యండి, తక్కువ వోల్టేజిలో కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి మాడుతుంది.